ఖాళీ మధ్యాహ్నాలు

జాకెట్ చేతులు పొడుగయ్యాయి. పాత బట్టల దుకాణంలో కొన్నది అది. ఎవరో పొడుగాటి పిల్ల తొడిగి వదిలేసింది. జనీన్ వంటింటి కిటికీ దగ్గర కూర్చుని కుడి చెయ్యి లోపలికి మడిచి కుడుతోంది. ఇంగ్లండులో మన ఇంటర్ లాంటి సిక్స్త్ ఫారంలో చేరే పిల్లలకి యూనిఫాం ఉండదు. ఆఫీసుకి వెళ్లేవాళ్లలా కోటు వేసుకు రావాలి. పదహారేళ్ల పిల్లని బ్యాంకు మేనేజరులా ముస్తాబు చేసి పంపమని బడి నియమం. ఆ మేనేజరు కోటు ఎవరు కుట్టాలో నియమంలో ఉండదు. రాయనక్కర్లేదు. అందరికీ తెలుసు.

కూతురు టామ్సిన్ పరీక్ష ఫలితాలు నిన్న వచ్చాయి. ఈ రోజు మూడింటికి బడిలో చేర్చుకుంటారు. చదవబోయే మూడు సబ్జెక్టులు అక్కడ ఖాయం చెయ్యాలి. ఆ తర్వాత రెండేళ్లూ వాటితోనే. జనీన్ పళ్ల డాక్టరు దగ్గర రిసెప్షన్లో చేస్తుంది. ఒక్క రోజు సెలవు అడిగితే డాక్టర్ హార్బర్డ్, "పిల్ల చదువుకి తల్లెందుకమ్మా?" అన్నాడు. ఆయన పిల్లల చదువులకి ఆయన భార్య వెళ్లింది. ఆ సంగతి ఆయనకి గుర్తు లేదు.

లెక్కలు, బయాలజీ, సోషియాలజీ అని టామ్సిన్ చలికాలంలోనే రాసిచ్చింది. సోషియాలజీ ఎందుకో జనీన్‌కి అప్పుడూ అర్థం కాలేదు, ఇప్పుడూ కాలేదు. ఈ ఊరి చుట్టూ క్యాబేజీ తోటలు. పన్నెండేళ్లప్పుడు టామ్సిన్ ఊదా క్యాబేజీ ఉడకబెట్టి ఆ నీళ్లు తాతయ్య టీ కప్పుల్లో పోసింది. ఒకదాంట్లో వెనిగర్ వేస్తే ఎర్రగా, ఇంకోదాంట్లో వంటసోడా వేస్తే ఆకుపచ్చగా మారాయి. కప్పులకి మరకలు పడ్డాయి. తండ్రి క్రెయిగ్ తిట్టాడు. తాతయ్య విల్ఫ్ మాత్రం కప్పుల ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. "జీవితమంతా ఈ క్యాబేజీలు కోశానే, ఇవి రంగులు మారుస్తాయని ఒక్కడూ చెప్పలేదు" అన్నాడు. ఆ రోజు నుంచి ఆ పిల్లకి మందులు తయారుచేసే పని కావాలి. వేరే మాట లేదు. నిన్న వచ్చిన మార్కుల్లో కెమిస్ట్రీ అన్నిటికంటే పైన ఉంది. అదే లేకుండా చేరుతోంది. అడిగితే, "మనసు మారిందమ్మా, మారకూడదా?" అని భుజం ఎగరేసింది. మారొచ్చు. ఆడపిల్ల మనసు మారిందంటే ఇంట్లో ఎవరూ రెండోసారి అడగరు. జనీన్ కూడా అడగలేదు.

కిందటి నవంబరులో బడివాళ్లు తల్లిదండ్రుల్ని పిలిచి సిక్స్త్ ఫారం గురించి చెప్పిన సాయంత్రం ఆమెకి గుర్తొచ్చింది. సబ్జెక్టులు అయిదు వరసలుగా ఉంటాయి, ఒక్కో వరసకి ఒక్కో వేళ, ఒక వరసలోంచి ఒకటే తీసుకోవాలి అన్నాడు పెట్టిఫర్ మాస్టారు. కెమిస్ట్రీ ప్రాక్టికల్స్ మంగళ, గురువారాలు మధ్యాహ్నం. సోషియాలజీ పొద్దున్నే. "మిగిలిన పీరియడ్లని దయచేసి ఖాళీ అనకండి, పాఠం ఎంతసేపో సొంతంగా చదువు అంతసేపు ఉంటుంది" అని రెండుసార్లు చెప్పాడాయన. కారెక్కగానే క్రెయిగ్ అన్న మొదటి మాట, "మూడే సబ్జెక్టులట! సగం రోజు ఖాళీయే దీనికి. మా నాన్న దగ్గర కూర్చోవచ్చు." వెనక సీట్లో టామ్సిన్ కిటికీలోంచి బయటికి చూస్తోంది.  జనీన్‌కి ఆ మాట కొత్తదేం కాదు. పెళ్లయిన కొత్తలో ఆమెకి ఉద్యోగం లేదు, ఖాళీ. పిల్ల పుట్టాక ఇంట్లోనే ఉంది, ఖాళీ. డాక్టరు దగ్గర ఒంటిగంటకి పని అయిపోతుంది, మధ్యాహ్నాలు ఖాళీ. రెండేళ్ల క్రితం మామయ్యకి పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి పడిపోయినప్పుడు, వెలుగుతున్న పొయ్యి మర్చిపోయి గిన్నె మాడ్చినప్పుడు, ఎవరు చూడాలి అన్న ప్రశ్నే రాలేదు. సోమ, బుధ, శుక్రవారాలకి కౌన్సిల్ ఒక మనిషిని పంపింది. మిగిలిన రెండు మధ్యాహ్నాలకీ ఇంట్లో ఖాళీ మనిషి ఉండనే ఉంది. ఆ నెలలోనే హార్బర్డ్ ఆమెని డెంటల్ నర్సు శిక్షణలో చేర్చుకుంటానన్నాడు. వారమంతా సాయంత్రం దాకా ఉండాలి, లేకపోతే వద్దు అన్నాడు. వద్దంది. ఇంట్లో చెబితే క్రెయిగ్, "పోన్లే, నలభై దాటాక ఎవరికి కావాలి ఆ చదువు" అని ఓదార్చాడు. ఓదార్పే అది. అతని ఉద్దేశం అదే.

కుడి చెయ్యి కుట్టడం అయింది. ఎడమ చేతికి గుండుసూదులు పెట్టి, జాకెట్ కుర్చీకి తగిలించి, మామయ్యకి భోజనం తీసుకుని వెళ్లింది.

విల్ఫ్ ఇల్లు వెనక వీధిలోనే. తన తాళంతో తలుపు తీసి, "నేనే మామయ్యా" అంది.

"ఇంకెవరొస్తారమ్మాయ్, రాణిగారా?" అన్నాడు ముసలాయన లోపల్నించి. బల్ల మీద చుక్కల డామినో బిళ్లలు పరిచి ఉన్నాయి. ఒంటి చేత్తో ఆడతాడు, ఒంటి చేత్తోనే మోసం చేస్తాడు. జనీన్ మాంసం కూరిన రొట్టె ముక్కలుగా కోసి ముందు పెట్టింది. రెండు ముద్దలు తిన్నాడు.

"సెప్టెంబరు నుంచి నీ మొహం చూసే బాధ నాకు తప్పుతుంది" అన్నాడు.

"ఏం మామయ్యా, పన్లోంచి తీసేస్తున్నారా?"

"తీసేశాం. నేనూ మనవరాలూ మాట్లాడుకునే తీసేశాం. మంగళ, గురువారాలు అదే వస్తుంది. నీకు ఆ నర్సు చదువేదో ఉంది కదా, దానికి వెళ్దువుగాని. అందుకనే ఆ మధ్యాహ్నాలు ఖాళీగా ఉంచుకుంది పిల్ల. నాకు ఇక్కడ డామినోలు, నీకు అక్కడ పళ్లు." గర్వంగా నవ్వబోయి ఆగాడు. కోడలి మొహం చూశాడు. "చెప్పొద్దంది. చెప్పేశానా?"

జనీన్ కుర్చీలో కూర్చుంది. ఆ ఇంట్లో ఆమె ఎప్పుడూ కూర్చోదు.

మనసు మారలేదు. మారినట్టు చెప్పింది. ఎంత తేలిగ్గా చెప్పింది, తల్లి ఎంత తేలిగ్గా నమ్మింది! అబద్ధం ఇంత నున్నగా చెప్పడం ఎక్కడ నేర్చుకుంది? ఇంకెక్కడ. రెండేళ్లుగా తమ ఇంట్లో ఒక మనిషి, "నాకేం బాధ లేదు, నాకూ పెద్ద ఇష్టం లేదు ఆ శిక్షణంటే" అని అందరికీ చెబుతుంటే వింది. అచ్చం అదే గొంతు. తల్లి నుంచి కూతురికి కళ్లు వస్తాయి, జుట్టు వస్తుంది. ఇదీ వచ్చింది. తల్లికి ఒక బహుమతి ఇవ్వాలని పిల్ల తన బతుకులోంచి కోసింది. ఏది కొయ్యాలో కూడా ఎవరూ చెప్పకుండానే తెలిసింది దానికి. ముద్దూ వచ్చింది జనీన్‌కి. కోపమూ వచ్చింది. కోపం పిల్ల మీద కాదు.

"నాకు తెలీదమ్మాయ్" అన్నాడు విల్ఫ్ మెల్లగా. "దానికి ఇష్టమైన చదువు ఆ మధ్యాహ్నాల్లోనే ఉందా?"

"ఉంది మామయ్యా."

"ఆ రంగుల చదువు?"

"అదే."

ముసలాయన డామినో ఒకటి తీసి, చూసి, బోర్లా పెట్టాడు. "క్రెయిగ్ ఒంటిగంటకి డ్యూటీ దిగుతాడు కదా" అన్నాడు.

ఆ మాట ఇన్నాళ్లూ ఎవరూ అనలేదు. జనీన్ కూడా అనుకోలేదు. క్రెయిగ్ కూరగాయలు ప్యాక్ చేసే చోట పెట్టెలు ఎత్తే ఫోర్క్‌లిఫ్ట్ బండి నడుపుతాడు. తెల్లవారకముందే వెళతాడు, ఒంటిగంటకి దిగుతాడు. అక్కణ్నుంచి కాసేపు నిద్ర. లేచాక చేపలు పట్టడానికి కాలవగట్టు. చేపలు పట్టి మళ్లీ నీళ్లలోనే వదిలేస్తాడు. ఆమె మధ్యాహ్నాలకి పేరు ఖాళీ. అతని మధ్యాహ్నాలకి పేరు విశ్రాంతి. గడియారం మాత్రం ఒకటే.

"వాడొస్తే నా బిస్కెట్లన్నీ తినేస్తాడు" అన్నాడు విల్ఫ్. "అయినా రమ్మను. దాచుకుంటాలే. నా కొడుకుతో డామినోలు ఆడి ఎన్నేళ్లయిందో."

జనీన్ లేచి ఆయన గడ్డం తుడిచింది. వద్దని మొహం తిప్పుకుంటూనే తుడిపించుకున్నాడు.

ఇంటికొచ్చేసరికి టామ్సిన్ వంటింట్లో జాకెట్ తొడుక్కుని ఉంది. ఒక చెయ్యి సరిగ్గా ఉంది, రెండోదానికి గుండుసూదులు.

"కదలకు, గుచ్చుకుంటాయి" అంది జనీన్. పిల్ల కదల్లేదు. "తాతయ్య చెప్పేశారు."

టామ్సిన్ కళ్లు మూసుకుంది. "ఆ ముసలాయన నోట్లో ఏదీ ఆగదు."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే ఒప్పుకుంటావా? నీకు ఏదీ వద్దు కదా. అడిగితే వద్దంటావు, అడక్కుండా ఇవ్వాలి. నీ పుట్టినరోజుకి కూడా అంతే." జాకెట్ బొత్తాం పెట్టి, మళ్లీ విప్పింది. "ఆ నర్సు చదువు పుస్తకాలు నువ్వింకా పారెయ్యలేదమ్మా. బట్టల అలమారాలో వెనకాల ఉన్నాయి. పళ్ల బొమ్మలవి. నేను చూశాను."

"పారెయ్యడానికి తీరిక లేక."

"నాకు చెప్పకు అలాంటివి. నేనూ చెబుతాను అలాంటివి. నాకు తెలుసు అవేంటో."

ఇద్దరూ నవ్వారు. నవ్వు మధ్యలో టామ్సిన్ ఏడ్చింది. జనీన్ దగ్గరికి తీసుకుంది. సూదులు గుచ్చుకున్నాయి ఇద్దరికీ.

"సోషియాలజీ అంటే ఏంటో తెలుసా నీకు అసలు?" అంది జనీన్.

"మనుషులు ఎందుకిలా ఉంటారో చెబుతారట."

"అది ఈ వంటింట్లో కూర్చుంటే చాలు, ఫీజు కట్టక్కర్లేదు. కెమిస్ట్రీ ఇక్కడ దొరకదు. చేరాలనుందా లేదా? నా గురించి కాదు, తాతయ్య గురించి కాదు. చేరాలనుందా?"

"ఉంది" అంది పిల్ల. చాలా చిన్నగా అంది. దొంగతనం ఒప్పుకున్నట్టు.

"గట్టిగా చెప్పు."

"ఉందమ్మా!"

ముందు గది సోఫాలో క్రెయిగ్ కదిలాడు. "ఏంటా అరుపులు? కాస్త కన్నంటనివ్వరా?" అన్నాడు కళ్లు తెరవకుండా. బూట్లు విప్పి ఉన్నాయి. చేపల గేలం గోడకి ఆనించి ఉంది. చెడ్డవాడు కాదు. కూతురి మార్కులు చూసి నిన్న అతనే ముందు కంటతడి పెట్టాడు, ప్యాకింగ్ దగ్గర అందరికీ చూపించుకున్నాడు. ఇరవై ఏళ్లలో ఒక్కసారి చెయ్యెత్తలేదు. ఒక్కసారి కప్పు కడగలేదు. రెండూ నిజమే.

జనీన్ తన తాళాల గుత్తి తీసింది. విల్ఫ్ ఇంటి తాళం రింగుకి బిగుసుకుపోయింది, గోరు విరిగింది తియ్యడానికి. భర్త పక్కనున్న చిన్న బల్ల మీద, అతని టీ కప్పు పక్కన పెట్టింది. చప్పుడుకి అతను ఒక కన్ను తెరిచాడు.

"ఇదేంటి?"

"మీ నాన్న ఇంటి తాళం."

"నాకెందుకు జెన్?"

"మంగళ, గురువారాలు. ఒంటిగంటన్నర నుంచి. సెప్టెంబరు మొదటి వారంలో మొదలు."

"అదేంటి, టామ్సిన్ కదా కూర్చునేది? దానికి అప్పుడు ఖాళీ కదా?" లేచి కూర్చున్నాడు. "చూడు, నేను తెల్లారకుండా లేస్తాను. పడుకోవాలి. కాలవ దగ్గర స్నేహితులు ఎదురుచూస్తారు. ఇలా చెప్పాపెట్టకుండా నా నెత్తిన పెడితే ఎలా? ఒక మాట అడగాలి కదా!"

అడగాలి. ఆ మాట అతని నోట్లోంచి ఎంత సహజంగా వచ్చిందో!  జనీన్‌కి కోపం రాలేదు. ఆ మాట తనకి ఇన్నేళ్లలో ఒక్కసారైనా ఇంత సులువుగా ఎందుకు రాలేదా అనిపించింది.

"మీ నాన్నకి నీతో డామినోలు ఆడాలనుందట" అంది. "బిస్కెట్లు దాచుకుంటారట."

 క్రెయిగ్ తాళం వంక చూశాడు. ముట్టుకోలేదు. తీసి అవతల పెట్టనూ లేదు.

బడి హాల్లో బల్లల వెనక మాస్టార్లు కూర్చున్నారు. కోట్లు తొడిగిన పిల్లలు వరసలో నిలబడ్డారు. ఒక్కరికీ భుజాలు సరిపోలేదు. టామ్సిన్ ఎడమ చేతికి సూదులు అలాగే ఉన్నాయి. కుట్టడానికి తీరిక దొరకలేదు. పిల్ల ఆ చేతిని వెనక్కి దాచుకోలేదు.

"లెక్కలు, బయాలజీ, సోషియాలజీ" అన్నాడు పెట్టిఫర్ మాస్టారు తెర మీద చూసి. "మార్పులేమైనా?"

టామ్సిన్ తల్లి వంక చూడబోయి, మానేసింది. "సోషియాలజీ తీసెయ్యండి సార్. కెమిస్ట్రీ."

"హమ్మయ్య" అన్నాడాయన. "చలికాలం నుంచి మీ కెమిస్ట్రీ టీచర్ నా ప్రాణం తీస్తున్నారు." చోటుంది. కానీ ఆయన కళ్లజోడు పైకి జరిపి, ఈసారి జనీన్ వైపు తిరిగాడు. "ప్రాక్టికల్స్ మంగళ, గురువారాలు మధ్యాహ్నం. పెద్దాయన్ని చూసుకోవాలని, ఆ వేళల్లో ఇంటికి వెళ్లాలని చెప్పింది మీ అమ్మాయి. ఇంట్లో ఇబ్బంది ఉండదా?"

"ఉండదు సార్" అంది జనీన్. "వాళ్ల నాన్న ఖాళీయే."