ఏది అమ్మకం, ఏది కాదు

సాయంత్రం అంట్లు తోముతూ, ఫోన్ చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని మా మేనేజర్ చెప్పేది వింటున్నాను. "రేపు డైరెక్టర్ల మీటింగులో నేనే మాట్లాడతానమ్మా. నువ్వు నా వెనక కూర్చో. ఏదైనా అడిగితే మెల్లగా అందించు." సరే సార్ అన్నాను. నోటికి అలవాటైపోయిన మాట అది.

మాది జనం తరఫున డిజిటల్ నాణేలు కొని, అమ్మిపెట్టే బ్రోకర్ కంపెనీ. ఎవరు ఎంతకి అమ్మారో ఇకమీదట పన్నుల శాఖకి మేమే తెలియజేయాలని కొత్త నిబంధన వచ్చింది. ఏది అమ్మకమో, ఏది కాదో తేల్చే పని నాకప్పగించారు. ఒక నాణెం ఇచ్చి ఇంకో రకం నాణెం తీసుకున్నా అమ్మకమే. మనిషి తన ఖాతాలోంచి తనదే అయిన ఇంకో ఖాతాలోకి మార్చుకుంటే కాదు. మా సాఫ్ట్‌వేర్ ఆ రెండోదాన్ని కూడా అమ్మకాల్లో కలిపేస్తోంది. ఆ లెక్కలు అలాగే పన్నుల శాఖకి పంపేస్తే, ఏమీ అమ్మని వాళ్లకి పన్ను నోటీసులు వెళ్లేవి. అది పట్టుకున్నది నేను. ఒళ్లో పిల్లని జోకొడుతూ, పొయ్యి మీద కూర మాడకుండా చూసుకుంటూ పట్టుకున్నాను. "ఇంట్లో కూర్చుని చేసే ఉద్యోగం, నీకేం, హాయి" అంటుంటాడు మా ఆయన. ఆ హాయి ఒక్క పూట ఆయన చేతికిచ్చి చూడాలనిపిస్తుంది. ఆ పూట పిల్ల ఏమైపోతుందోనని ఆగిపోతాను.

ఫోన్ పెట్టేసి చూస్తే అత్తయ్య గుమ్మంలో ఉన్నారు.

"పని చేసింది నువ్వైతే మాట్లాడేది ఆయనేమిటి?"

"పెద్దాయన కదత్తయ్యా. పైగా పిల్లకి జలుబు. పొద్దున్నే వెళ్లాలంటే..."

"పిల్లని నేను చూసుకుంటా. ఆ గిన్నెలు అక్కడ పెట్టు, వాడొచ్చి తోముతాడు."

"ఎవరు?"

"నా కొడుకే. చేతులున్నాయిగా."

తోమాడు. వీధి చివరిదాకా వినిపించేలా తోమాడు, కానీ తోమాడు. నేను గది తలుపేసుకుని, రేపు చెప్పాల్సింది అద్దం ముందు నిలబడి చెప్పుకున్నాను.

మీటింగులో మేనేజర్ లేవబోతుంటే, "సార్, ఇది నేను చెప్తాను" అన్నాను. ఆయన నా మొహంలోకి చూసి, ఏమనుకున్నాడో, కుర్చీ పక్కకి జరిపి దారిచ్చాడు. అందుకు ఆయనకీ రుణపడి ఉన్నాను. మొత్తం చెప్పాను. అంతా విన్నాక పెద్ద డైరెక్టరు, "అయితే మీరు చూసి సరేననేదాకా ఒక్క లెక్కా బయటికి పంపొద్దు" అన్నాడు. నావైపు తిరిగే అన్నాడు.

ఇంటికొచ్చేసరికి పిల్ల నిద్రపోతోంది. అత్తయ్య కుర్చీ లాగి, "కూర్చో. అక్కడ ఏమన్నావో మొదట్నుంచి చెప్పు" అన్నారు. నా పని గురించి ఈ ఇంట్లో నన్నెవరైనా అడగడం అదే మొదలు. ఆ నాణేలు చేత్తో పట్టుకునేవి కావంటే పడీ పడీ నవ్వారు. నాకు కళ్లు నిండాయి. ఆవిడ చెయ్యి పట్టుకుని, "మీరు లేకపోతే ఇవాళ..." అంటుంటే మధ్యలోనే ఆపేసి, చీర కుచ్చిళ్లు సర్దుకుంటూ మామూలుగా అన్నారు: "పెళ్లికి ముందు నేనూ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో చేశానే. ఎలా ఉండేదని ఎవరూ అడగలేదు."

నేను కుర్చీ ఇంకొంచెం దగ్గరికి జరుపుకున్నాను.

"ఎలా ఉండేదత్తయ్యా?"