చెల్లప్ప మీసం మీద పందెం

"నాయనా, నాకు కుదిరె."

ఫోన్‌లో కూతురు సుగన్య గొంతు చెల్లప్పకి అంతవరకే తేటగా వినబడింది. ఆ తర్వాత ఊటీ గాలి, గరగర. ఆ గరగరలోంచి "కదిరవన్" అనీ, "శనివారం" అనీ రెండు ముక్కలు రాలి, సిగ్నల్ చచ్చింది.

కినత్తుకడవు కొబ్బరితోపుల మధ్య తరతరాలుగా తెలుగు మాట్లాడుతున్న వీధి అది. అక్కడ వచ్చె అంటే వచ్చింది, పోయె అంటే పోయింది, కుదిరె అంటే కుదిరిందనే. ఇరవైఆరేళ్ల పిల్లకి ఇంకేం కుదురుతుంది? చెల్లప్పకి కుదురు తప్పింది. "మారియమ్మా, పాపకి సంబంధం కుదిరె. పిల్లోడి పేరు కదిరవన్," అని పెళ్లానికి చెప్పాడు. ఆవిడ పక్కింటికి చెప్పింది. ఆ తర్వాత వీధిలో ఎవరికీ చెప్పే పని పడలేదు.

శనివారం తెల్లారేసరికి తాంబూలం తట్టలతో, మూడు కేజీల మైసూరుపాకుతో పద్నాలుగు మంది వ్యానెక్కారు. ఊటీలో ఇంకా రేసులు జరుగుతున్న రోజులవి. గుర్రాల డాక్టరు దగ్గర పని అని సుగన్య చెప్పిన చిరునామా వెతుక్కుంటూ పోతే, రేసుకోర్సు వెనకాల లాయాల దగ్గర తేలారు. వినోత్ అనే కుర్రాడు గడ్డి మోస్తున్నాడు.

"కదిరవన్ ఉండాడా తంబీ?" అంది మారియమ్మ.

"ఉన్నాడమ్మా. ఇప్పుడే ఒళ్లు తోమి నిలబెట్టాం."

ఆ శుభ్రత మారియమ్మకి నచ్చింది. "ఎంత ఎత్తు?"

"పదహారు చేతులు."

"కాబోయే అల్లుణ్ణి, మాప్పిళ్ళైని చూపించమంటే కార్తవీర్యార్జునుణ్ణి చూపిస్తాడేమి వీడు," అంది ఆవిడ మొగుడితో. లాయాల్లో ఎత్తుని చేతులతో కొలుస్తారని ఆవిడకేం తెలుసు. మళ్లీ కుర్రాడి వైపు తిరిగి, "తిండి బాగా తింటాడా?"

"గడ్డయితే ఎంతేసినా తింటాడు."

అప్పుడు తలుపు మీంచి నల్లటి తల ఒకటి బయటికొచ్చి, పైతట్టలో తమలపాకుల్ని నమిలేసింది. తల వెనకాల ఎర్ర పట్టుచొక్కా, మోకాళ్లదాకా బూట్లు తొడుక్కుని సుగన్య.

"నాయనా, అందరూ వచ్చిరా?" అంది, నవ్వాలో ఏడవాలో తెలీక. "ఎక్కవలసినవాడికి భుజం విరిగె. అందుకని ఈ పెద్ద రేసుకి కదిరవన్‌ని నాకిచ్చిరి. రెండేళ్లుగా పొద్దున్నే తోలి అలవాటు చేసేదే గాని, పందెంలో ఎక్కనిచ్చింది లేదు. ఈ రోజు పోతే మళ్లీ ఇయ్యరు. దిగమని మాత్రం అనొద్దు."

చెల్లప్ప ఊళ్లో రేక్లా సంగం కార్యదర్శి. చిన్నబండికి రెండెద్దుల్ని కట్టి పరిగెత్తించే ఆట రేక్లా. కోర్టు మెట్లెక్కి దిగి అనుమతి తెచ్చుకున్న ఆట కాబట్టి, దాన్ని ఎవరూ జూదం అనకూడదని సంగం ఒక కట్టుబాటు పెట్టుకుంది. పందెం కాసిన సభ్యుడికి మీసం తీసేయాలి. చెల్లప్ప దగ్గరుండి రెండు మీసాలు తీయించాడు. రేక్లాది ఆట, రేసుది వేట అని మైకులో చెప్పే మనిషి.

"జూదంలోకి వస్తివే పాపా," అన్నాడు.

"నేను కాసేదాన్ని కాదు నాయనా, తోలేదాన్ని. నీ బిడ్డని కదా."

అతను పోయి రేసు చూసేవాళ్ల మెట్ల మీద కూచున్నాడు. పక్కనే పోదనూరు రైల్వే కాలనీ రాజ్‌మోహన్, మెడలో దుర్భిణి. తెలుగు మాటలు విని అతనే పలకరించాడు. "కొత్తనా అన్నా? కదిరవన్ మీద మాత్రం పెట్టొద్దు. ఆడపిల్లని ఎక్కించినారంటే ఓడేదానికే. అంతా లోపల్లోపల మాట్లాడుకుని ఉంటారు. ఆ పిల్ల పగ్గం పట్టి గుంజేస్తాది."

చెల్లప్ప లేచాడు. "అది మోసం చేయదు. నా మీసం పందెం."

"నాకు మీసం లేదే అన్నా."

"నోరు ఉండాది కదా. గుర్రం గెలిస్తే నువ్వు ఇక్కడ నిలబడి గట్టిగా చెప్పాల, పిల్ల నిజంగా తోలె అని."

వెనకాలే వచ్చిన మారియమ్మ మొగుడి చెయ్యి పట్టి లాగింది. "ఏంగ, గెలిచినా మీసం పోతాదే. పందెం కాస్తే తీయాలని రాసింది నువ్వే."

"తెలుసు. ఓడితే ఈయన తీస్తాడు, గెలిస్తే సంగం తీస్తాది. పొయ్యేది ఎట్లయినా పోతాది. బిడ్డ పేరు మీద పోనీ."

గుర్రాలు బయల్దేరాయి. రేక్లాలో బండ్లు ఒక్కొక్కటిగా గడియారంతో పోటీపడతాయి, మొదటి అడుగునుంచే పూర్తిగా వదిలేయాలి. సుగన్య వదల్లేదు. పదకొండింట్లో తొమ్మిదోది. "చూస్తివా, గుంజుతాది," అన్నాడు రాజ్‌మోహన్. చెల్లప్ప బొటనవేలు, చేతిలో లేని గడియారాన్ని నొక్కుతూనే ఉంది. "వదలవే పాపా, వదలు," అని గొణిగాడు. ఇది గడియారంతో కాదు, గుంపుతో పోటీ అని అతనికి ఆఖరి మలుపులో గాని తెలియలేదు. ముందున్నవన్నీ రొప్పుతూ కంచె పక్కకి ఒరిగాయి. అప్పుడు ఎర్రచొక్కా బయటివైపుకి జరిగి, అంతదాకా దాచిన దమ్మంతా ఒక్కసారి వదిలింది. ఎనిమిది, ఆరు, మూడు. గీత దగ్గర నల్లటి మెడ ఒక్కటే ముందు.

పద్నాలుగు మంది వేసిన కేకకి మైకు మూగబోయింది. రాజ్‌మోహన్ మాట నిలబెట్టుకున్నాడు. బెంచీ ఎక్కి తమిళంలో ఒకసారి, తెలుగులో ఒకసారి, "ఆ పిల్ల నిజంగా తోలె. నేనే తప్పు," అని అరిచాడు. దిగేసరికి గొంతు బొంగురు. చెల్లప్ప అతని నోట్లో మైసూరుపాకు పెట్టి, మంగలి షాపెక్కడని అడిగాడు.

మర్నాడు వ్యాన్ వీధిలో ఆగేసరికి మేళంవాళ్లు సిద్ధం. సుగన్య దిగింది, చేతిలో కప్పు. వెనక చెల్లప్ప, మూతి నున్నగా. సంగానికి పెద్ద, తలైవరు దురైసామి అతన్ని కిందికీ పైకీ చూశాడు. "మాప్పిళ్ళై ఏడి? మీసం ఏడి?"

చెల్లప్ప వ్యాన్ మెట్టెక్కి వీధంతా వినేట్టు చెప్పాడు. "మీసం పందెంలో పెడితిని, గెలిస్తిని, మన కట్టుబాటు ప్రకారం నేనే తీయిస్తిని. మాప్పిళ్ళై లాయంలో గడ్డి తింటుండాడు. తప్పు పిల్లది కాదు, నా చెవిది. పొద్దుగూకులూ అరవంలో కుదిరె కుదిరె అని గుర్రాన్ని పిలిచి పిలిచి, పాప ఫోన్‌లోనూ నాకు కుదిరె అనె, గుర్రం దొరికిందని. మనం తెలుగు చెవితో విని తాంబూలం తీసుకుని పోతిమి."