చెవికి అందని కారు

ఇస్రాయేలు అమ్మకానికొచ్చిన కారు బోనెట్ మీదికి వంగి, పొడుగాటి స్క్రూడ్రైవర్ మొనను ఇంజిన్‌కు తాకించి, పిడిని చెవికి ఆనించుకున్నాడు. కొత్తకోట హైవే పక్కనున్న ఆ రేకుల షెడ్డులో ముప్ఫై ఏళ్లుగా ఇదే తీరు. వినీ వినీ మెడ ఎడమకు ఒరిగిపోయింది. ఆయన ‘తీస్కో’ అననిదే ఈ చుట్టుపక్కల ఎవరూ పాత బండికి బయానా ఇవ్వరు.

ఇంజిన్ టక్కున ఆగిపోయింది.

“సచ్చిపాయె!” కొనడానికి వచ్చిన బిజినేపల్లి భీమన్న వెనక్కి జరిగాడు.

“సావలేదే! నిలవడితే ఆగుతది, కదిలితే లేస్తది. పెట్రోలుతోటి, బ్యాటరీతోటి రెంటితోటి నడుస్తది,” అన్నాడు బ్రోకర్ బాలరాజు.

“గా బ్యాటరీ పోతే బాగుచేసేటోడెవడు? రేపు మళ్ల అమ్ముదమంటే కొనేటోడెవడు? సప్పుడు లేని బండిని కిరాయికి తిప్పితే ఊరోళ్లు నవ్వరా? ఇస్రాయేలన్నా, నువ్వే చెప్పు.”

ఆగిన ఇంజిన్ నుంచి ఇస్రాయేలు చెవికి ఏమీ అందలేదు. ‘వద్దు’ అంటే సరిపోతుంది, ఎవరూ మారు మాట్లాడరు. పేరూ నిలుస్తుంది. ఆయన స్క్రూడ్రైవర్ పక్కన పెట్టి, గ్రీజు చేతులు తుడుచుకున్నాడు.

“నాకు తెల్వదు భీమన్నా.”

బాలరాజు నోరు తెరిచాడు. ఆ షెడ్డులో ఆ మాట ఎన్నడూ వినబడలేదు.

“తెల్వని దాన్ని మంచిదని అనను, చెడ్డదని అనను. టాంకు నిండ పోపియ్యి. గద్వాల దాక పోయొద్దం.”

పోయివచ్చారు. అదే బంకులో మళ్లీ మూతిదాకా నింపించారు. ఐదు లీటర్లకే నిండింది.

“గంతేనా? పంపు గిట్ల ఖరాబైందా ఏంది? నా జీపైతే పన్నెండు తాగేది!” భీమన్న మొహం విప్పారింది. అంతలోనే ముడుచుకుంది. “మరి బ్యాటరీ పోతే?”

“పట్నంల గీ బండ్లు బాగుచేసే షెడ్డు ఉన్నదట. పోయి నేర్చుకొస్త.”

“ఈ వయసులనా?”

“చెవి ఓడింది గని, చేతులకేమైంది?”

భీమన్న ఆయన చేతుల వంక చూశాడు. తర్వాత బాలరాజు వైపు తిరిగి, “బయానా తీస్కో,” అన్నాడు.

సోమవారం పొద్దున హైదరాబాద్ బస్సు వెళ్లిపోయింది. పంక్చరైన లారీని తోలుకొచ్చిన డ్రైవరు దిగి చూస్తే షెడ్డుకు తాళం. తలుపుకు ఆనించిన అరిగిన టైరు మీద సుద్దముక్కతో వంకర అక్షరాలు: ‘నేర్చుకోను పోయిన. శనివారం వస్త.’