బ్యాక్‌స్లాష్ నొక్కితే కనిపించేవి

కావలి పక్క పల్లెలో పదో తరగతి దాకా చదివి, నాన్న ఉద్యోగం వల్ల సముద్రం దాటి హౌగాంగ్ వచ్చిన కాత్యాయనికి నలుగురిలో నోరు పెగలదు. చెప్పలేనిదంతా డైరీలో రాసుకునేది. తలగడలు దులుపుతూ అమ్మ దాన్ని చదివేసిన రోజు నుంచి కాగితం మీద రాయడం మానేసింది.

సుభద్ర ఆంటీ టోవా పాయోలో శనివారాలు నడిపే తెలుగు క్లాసుకు ఒక వెబ్‌సైటు ఉంది. దాంట్లో పాఠాలు ఎక్కించే పని కాత్యాయనిదే. నాన్న పాత లాప్‌టాప్‌లో బొమ్మలు చూపించని, ఉత్త అక్షరాల బ్రౌజర్ ఒక్కటే చురుగ్గా నడిచేది. పేజీ కోడ్‌లో రెండు గీతల గుర్తుల మధ్య రాసిన వ్యాఖ్య తెర మీదకు రాదని ఆమె దాంట్లోనే కనిపెట్టింది. ఇక ప్రతి పాఠం అడుగునా రహస్యంగా డైరీ రాయసాగింది.

పాత సర్వర్ ఈ సాయంత్రం ఆరింటికి మూసేస్తామని, ఈలోగా మార్పులేవీ కుదరవని కబురొచ్చింది. పేజీలన్నీ ఫైళ్ళుగా దాచి కొత్త సైటు కట్టే వరుణ్‌కు పంపమంది ఆంటీ. కాత్యాయని ఒక్కో పేజీ తెరిచి, పి మీట నొక్కి, ఫైలుగా దాచింది. తెరిచి చూస్తే పాఠం ఉంది, డైరీ లేదు. గండం గడిచిందనుకుని పంపేసింది.

నాలుగింటికి ఆంటీ ఆమెను లాప్‌టాప్ తీసుకుని హాకర్ సెంటర్‌కు, తిండి దుకాణాల దగ్గరకు, రమ్మంది. టిష్యూ ప్యాకెట్ పెట్టి టేబుల్ చోప్ చేసి, అంటే తనదని ఆపి పెట్టుకుని, వరుణ్ అప్పటికే ఫైళ్ళు చూస్తున్నాడు. యూనివర్సిటీ చదువు, పుట్టి పెరిగింది ఇక్కడే; ఇక్కడివాళ్ళ అలవాటు ప్రకారం మాట చివర 'లా' తగిలిస్తాడు.

"ఇది సోర్స్ కాదు లా! ఓన్లీ మాటలు. లింకులు, టేబుల్స్ ఆల్ గాన్."

"అదేంటమ్మా, అన్నీ దాచానన్నావుగా?" అంది ఆంటీ.

"ఆంటీ, తెర మీద ఏముందో అదే దాచింది తను. ముందు బ్యాక్‌స్లాష్ నొక్కితే సోర్స్, అదే పేజీ కోడ్, వస్తుంది. అప్పుడు పి కొట్టాలి. ఈజీ లా," అంటూ వరుణ్ ఆమె లాప్‌టాప్ లాక్కుని మొదటి పాఠం తెరిచాడు.

కోడ్ వస్తే డైరీ కూడా బయటపడుతుందని కాత్యాయనికి అప్పుడు అర్థమైంది. ఆంటీ కళ్ళజోడు సర్దుకుని తెర మీదకు వంగింది. వరుణ్ మీట నొక్కాడు. అక్షరాల చుట్టూ గుర్తులు పుట్టుకొచ్చాయి. అతను కిందకు జరుపుతున్నాడు.

"ఆగు అన్నా!"

కాత్యాయని కేకకు పక్క టేబుల్ వాళ్ళు కూడా తిరిగి చూశారు.

"అడుగున నేను రాసినవి ఉన్నాయి. వేరేవాళ్ళు చదవద్దు. నేనే చదువుతా."

లాప్‌టాప్ తన వైపు తిప్పుకుని, పైకి చదివింది: "పద్యం మొదలవగానే వెనక వరస పిల్లలు నిద్రపోతారు. సుభద్ర ఆంటీ కళ్ళు మూసుకుని పాడతారు కనక చూడరు. మధ్యలో ఒక కథ చెబితే లేచి కూర్చుంటారు. నన్నడిగితే చెబుతాను. ఎవరూ అడగరు."

ఆంటీ టీ గ్లాసు పక్కన పెట్టింది. మొహం ఎర్రబడింది.

"ఎన్నాళ్ళ నుంచి నిద్రపోతున్నారే వాళ్ళు?"

"జనవరి నుంచి."

"ఏం వరుణ్, నువ్వు చిన్నప్పుడు నా క్లాసులో పడుకున్నావా?"

"ఆంటీ, అది మాత్రం అడక్కండి... లిటిల్ బిట్ లా."

ఆంటీ గ్లాసు ఎత్తి ఒక గుటక వేసి, "వచ్చే శనివారం పద్యానికి ముందు కథ నీది. మళ్ళీ గొంతు రాలేదంటే ఊరుకోను," అంది.

కాత్యాయని తలూపింది. తలూపితే చాలదనిపించి, "సరే ఆంటీ," అంది.

"టైమ్ లేదు! వీటిని ఉంచాలా, తీసేయాలా?" అన్నాడు వరుణ్.

"ముందు అన్నీ దాచేద్దాం అన్నా. ఇంటికెళ్ళి పదకొండో పాఠం కింది ముక్క ఒక్కటి తీసేసి పంపుతా. మిగతావి ఉండనీ."

"పదకొండులో ఏముందే?" అంది ఆంటీ.

కాత్యాయని పి నొక్కింది.