సంజీవమ్మ నేర్పిన బండి

యుద్ధం వచ్చి, పెట్రోలు దొరక్క పావగడ బస్సు ఆగిపోయాక, వల్లూరు నుంచి సంతకు పోయే సరుకంతా ఎద్దుల బండ్ల మీదే పోసాగింది. మీసం మొలవని పిల్లలు కూడా పగ్గాలు పట్టాల్సి వచ్చింది. వాళ్లకు బండి తోలడం నేర్పమని ఊరివాళ్లు, చిన్నప్పటి నుంచీ బండి తోలిన సంజీవమ్మను అడిగారు. సరేనంది. ఈమధ్య దేనికైనా సరేననే అంటోంది.

కిందటి వేసవిలో తమ్ముడు కొల్లప్ప తోలిన బండి తిరగబడి ఆమె కూతురు ఓబమ్మ చనిపోయింది. కొల్లప్ప కల్లు తాగి ఉన్నాడు. వెనక్కి తిరిగి ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతుంటే చక్రం దారి పక్క వాగు వంకలోకి జారింది. సంజీవమ్మకు ఏడుపు రాలేదు. సంగటి కెలికేది, తినేది. రుచి తెలిసేది కాదు.

పిల్లలను ఆ వంక దగ్గరికే తీసుకెళ్లింది.

"ఈడనే మా ఓబి పడింది," అంది, కాడి కట్టే తీరు చెప్పినంత మామూలుగా. "మాట్లాడాలంటే బండి నిలిపి మాట్లాడండి. తాగినోడు పగ్గం పడితే దిగిపోండి. వాడు ఎవురైనా సరే."

"మా నాయనైనా, అత్తా?" అన్నాడు కొల్లప్ప కొడుకు ఆదెప్ప.

"మీ నాయనైనా."

తర్వాతి సంతలో సంజీవమ్మా పిల్లలూ వేరుశనక్కాయలు దించి, ఆదెప్ప పగ్గాలు పట్టుకుని తిరుగుముఖం పట్టేవేళ, కొల్లప్ప కల్లంగడి నుంచి తూలుతూ వచ్చాడు.

"దిగురా, నేను తోల్తా."

"వద్దు నాయనా. నువ్వు తాగినావు."

కొల్లప్ప కొడుకు చెంప పగలగొట్టాడు. ఆదెప్ప కిందికి దిగి ఎద్దులను కాడి నుంచి విప్పేశాడు. మిగతా పిల్లలూ దిగి, వాటి ముకుతాళ్లు పట్టుకుని నిలబడ్డారు. సంత జనం గుమిగూడారు.

"చెప్పక్కా వానికి!" అన్నాడు కొల్లప్ప.

"ఎనక కూచో కొల్లప్పా. లేదంటే నడిచి రా," అంది సంజీవమ్మ.

అతను ఖాళీ గోతాల మీద ముడుచుకుని పడుకున్నాడు. ఆదెప్ప ఎద్దులను మళ్లీ కాడికి కట్టాడు. దారిలో ఓబమ్మ పేరు పిలుస్తూ ఏడ్చాడు. తమ్ముడి వీపు మీద చెయ్యి వెయ్యాలనుకుంది సంజీవమ్మ. చెయ్యి లేవలేదు. ఆదెప్ప మాత్రం ఒక్కసారి కూడా తల తిప్పలేదు.

ఇంటికి చేరాక వాడి చెంపకు నూనె రాసింది.

"నొప్పి ఉండాదా?"

"లేదత్తా."

ఆమె వేళ్లకు వాడి చెంప వేడి తగిలింది. చెయ్యి వెంటనే తియ్యలేదు.