మళ్లీ నాటాల్సిన మొక్క

మనవరాలు పెరట్లో నిమ్మ మొక్క నాటుతుంటే తాత పక్కనే కూర్చుని మురిసిపోయాడు. ఫొటో తీయాలన్న ఆలోచనే ఆయనకు తట్టలేదు.

కొంప మునిగింది అక్కడే. బడివాళ్లు ప్రతి పిల్లకూ ఒక డిజిటల్ పోర్ట్‌ఫోలియో తెరిచారు. పిల్ల ఏం చేసినా అందులో ఫొటో ఎక్కాలి. సాయంత్రంలోగా ఇంకొక్కటి పడకపోతే ఈ పిల్లకు మెచ్చుకోలు పత్రం రాదు. ఆమధ్య పిల్లకు పన్ను ఊడినప్పుడు కూడా తల్లి ముందు ఫోను వెతికింది, తర్వాతే దూది.

"ఫొటో లేకుండా నాటితే నాటినట్టా నాన్నా? పీకి మళ్లీ నాటిద్దాం," అంది ఆ తల్లి, అంటే తాత కూతురు.

"పీకితే చచ్చిపోతుందమ్మా," అంటూ పిల్ల మొక్కకు అడ్డంగా కూర్చుంది.

"చస్తే ఇంకోటి కొంటాను. లే."

తాత నెమ్మదిగా అన్నాడు. "నువ్వు పుట్టినప్పుడూ ఎవరూ ఫొటో తీయలేదు తల్లీ. మీ అమ్మని మళ్లీ కనమన్నానా?"

కూతురు మూతి బిగించింది గానీ నవ్వు ఆగలేదు. ఆ నవ్వు అచ్చం వాళ్లమ్మదే. చాలా రోజులకు చూశాడాయన.

"సరే, నీళ్లన్నా పొయ్యి," అంది కూతురు ఫోను ఎత్తి.

పిల్ల ఉత్సాహంగా బకెట్టెడు నీళ్లూ కుమ్మరించింది. పెరడంతా మడుగైంది. ఫొటో మాత్రం బాగా వచ్చింది. పోర్ట్‌ఫోలియోలోని మొక్కల గడిలో నాటుతున్న ఫొటోనే పెట్టాలని నియమం కాబట్టి, కూతురు దాన్ని ఖాళీగా ఉన్న నీటి పొదుపు గడిలో ఎక్కించింది.

టీచరమ్మ వెంటనే నక్షత్రం ఇచ్చింది.