పది గ్రాముల పోగు

మూత తీసే ఉంచు మనవడా, సిరా ఎండిపోదులే. నేను నెమ్మదిగా చెబుతాను, నువ్వు నెమ్మదిగా రాయి. తొందరపెడితే నాకు మాట తెగిపోతుంది. ఎక్కడున్నాం? ఇంకా పుట్టుక దగ్గరే ఉన్నాం కదూ. సరే, అక్కడినుంచే రాసుకో.

నేను ఒక నైలాన్ పోగును. వేలెడు పొడవు, గుర్రం వెంట్రుకంత లావు, పట్టుకోవడానికి ఒక తెల్లటి పిడి. అంతే నా ఒళ్ళు. నిన్ను మనవడా అంటున్నానని నవ్వుకోకు. నువ్వు బాల్‌పెన్నువి, మనిద్దరిదీ ప్లాస్టిక్ వంశమే. కాకపోతే నీకు చదువు అబ్బింది, నాకు అబ్బలేదు. నాకు వచ్చింది ఒకటే విద్య. నన్ను ఎవరి అరికాలికైనా ఆనించి నొక్కితే, సరిగ్గా పది గ్రాముల బరువు దగ్గర విల్లులా వంగుతాను. తొమ్మిది దగ్గర వంగను, పదకొండు దాకా ఆగను. ఆ పది గ్రాముల ఒత్తిడి తెలిసిన పాదం తనను తాను కాపాడుకుంటుంది. తెలియని పాదం ముల్లు మీదైనా నిలబడుతుంది, కాలే బండ మీదైనా నిలబడుతుంది, నెత్తురు కారుతున్నా నడిచిపోతుంది. చక్కెర జబ్బు ఉన్నవాళ్ళలో ఏ పాదం ఎలాంటిదో తేల్చి చెప్పడమే నా ఉద్యోగం. ఇంత చిన్న ఒళ్ళుతో అంత పెద్ద పని చేశానని చెప్పుకోవడానికి నాకు సిగ్గులేదు.

నాతోపాటు ఒకే చుట్టలోంచి తెగినవాళ్ళలో కొందరు గాలాలకు వెళ్ళారు, చేపల్ని చూశారు. కొందరు టూత్‌బ్రష్షుల్లో బారులు తీరారు, పళ్ళను చూశారు. నన్ను మాత్రం ఒక పెట్టెలో పెట్టి గుంటూరులో ఒక పెద్ద డాక్టరుకు బహుమతిగా ఇచ్చారు. ఆయన నన్ను సొరుగులో వేసి రెండేళ్ళు మర్చిపోయాడు. ఆయన కాంపౌండరు మాత్రం మర్చిపోలేదు. భోజనమయ్యాక నాతో చెవి గోక్కునేవాడు. ఆ రెండేళ్ళలో నేను చూసింది ఒక్క మనిషినే, అదీ లోపలినుంచి. పెద్ద డాక్టరు వయసు మీదపడి ప్రాక్టీసు మానేసినప్పుడు ఆయన శిష్యుడు బల్ల సర్దుతూ నన్ను చూసి, కడిగి, చీరాలలోని ఈ పాదాల క్లినిక్‌కు తెచ్చాడు. ఇక్కడ సిస్టర్ హెప్సిబా చేతిలో పడ్డాను. అప్పటినుంచే నాది బతుకు అనుకో.

ఆ పిల్ల పద్ధతి మనిషి. నన్ను స్పిరిట్‌తో తుడిచేది. రోజుకు పదిమందికి మించి పని చెప్పేది కాదు, ఆ తర్వాత మర్నాటిదాకా విశ్రాంతి. నైలాన్‌కు కూడా అలసట ఉంటుందని తెలిసిన మనుషులు తక్కువ.

ఎన్ని పాదాలని చెప్పను? కొబ్బరిచిప్పల్లా పగిలిన మడమలు, కండలోకి పెరిగిన గోళ్ళు, ఆటో దిగుతూ మెలితిరిగి గుమ్మడికాయంత వాచిన చీలమండలు, పొద్దున లేచి మొదటి అడుగు వేస్తే ప్రాణం పోయేంత మడమనొప్పులు. మనుషులు ముఖాన్ని రోజుకు పదిసార్లు అద్దంలో చూసుకుంటారు. ఒళ్ళంతటినీ మోసే పాదాన్ని నెలకొకసారైనా తిప్పి చూడరు. తీరా మా దగ్గరకు వచ్చాక సిగ్గుపడి, "మట్టి కాళ్ళమ్మా, ముట్టుకోకు" అంటారు. పేరాల నుంచి ఒక ముసలమ్మ వచ్చేది. సిస్టరు తన పాదాలు పట్టుకుందంటే ఆమెకు అది దండం పెట్టినట్టే. నేను తగిలిన ప్రతిసారీ ఆ పిల్ల తల మీద చెయ్యి పెట్టి దీవించేది. కుడికాలికి పది, ఎడమకాలికి పది. ఇరవై దీవెనలు పుచ్చుకున్నాక సిస్టరు లేచి జుట్టు మళ్ళీ దువ్వుకోవాల్సి వచ్చేది.

ఇక అసలు సంగతి. భావనారాయణ మాట.

వేటపాలెంలో గుంటమగ్గం మీద, నేలలోని గుంటలో కాళ్ళు పెట్టి పలకలు తొక్కుతూ, నేసే మనిషి. అరవై దాటినవాడు. పన్నెండేళ్ళుగా చక్కెర జబ్బు. వెంట భార్య శేషారత్నం. మొదటిసారి వచ్చినప్పుడు నన్ను సిస్టరు చేతిలోంచి తీసుకుని, రెండు వేళ్ళమధ్య నలిపి, "ముడేస్తే నిలవదమ్మా, నేతకు పనికిరాని పోగు" అని తిరిగి ఇచ్చేశాడు. నాకు కోపం వచ్చింది. ఆ వేళ్ళు చూశాక తగ్గింది. దారం మందం వెంట్రుకలో సగం తేడా ఉన్నా పట్టేసే వేళ్ళవి.

సిస్టరు ఆయన్ను కళ్ళు మూసుకోమంది. పోగు తగిలినప్పుడల్లా 'ఆ' అనమంది. ఆయన ప్రతిసారీ 'ఆ' అన్నాడు. తడుముకోలేదు, తప్పలేదు. కార్డు మీద 'స్పర్శ ఉంది' అని రాశారు. రాసింది నువ్వే, గుర్తుందా? ఆరు నెలలకు మళ్ళీ వచ్చాడు, మళ్ళీ అంతే, మళ్ళీ రాశావు. నీ తప్పు కాదులే. నీ చేత ఏది రాయిస్తే అది రాస్తావు.

నాకు మాత్రం అనుమానంగా ఉండేది. వంగడం వరకే నా వంతు, మాట్లాడటం నా వంతు కాదు.

మూడోసారి వచ్చినప్పుడు కుడికాలి బొటనవేలి కింద చింతగింజంత ఆనెకాయ ఉంది. సిస్టరు దాన్ని తర్వాత చూద్దామని చుట్టుపక్కల పరీక్ష మొదలుపెట్టింది. మూడు చోట్ల తాకించింది. మూడుసార్లూ 'ఆ' అన్నాడు. అప్పుడు తలుపు దగ్గరనుంచి ఎవరో పిలిచారు. సిస్టరు అటు తిరిగింది. నేను గాలిలో ఉన్నాను, ఆయన కాలికి జానెడు దూరంలో.

"ఆ," అన్నాడు భావనారాయణ.

సిస్టరు తిరిగి చూసింది. ఆ తర్వాత కావాలనే ఒకసారి అటు ఒరిగింది, ఒకసారి ఇటు ఒరిగింది. కింద స్టూలు రెండుసార్లు కిర్రుమంది. ఆయన రెండుసార్లూ 'ఆ' అన్నాడు.

అప్పుడు అర్థమైంది నాకు. పాత స్టూలు అది. సిస్టరు ముందుకు వంగి నన్ను ఆనించిన ప్రతిసారీ కిర్రుమనేది. పైగా ఆ పిల్లకు పని మీద ఒక లయ కుదిరిపోయింది, తాకించు, ఆగు, తాకించు, ఆగు. నలభై ఐదేళ్ళు మగ్గం చప్పుడు మీద బతికిన మనిషి భావనారాయణ. దారం మోసే నాడె అటు పోయి ఇటు వచ్చేలోపు ఏ కాలు ఎప్పుడు తొక్కాలో ఆయన చెవి చెబుతుంది. ఇక్కడా చెవే చెప్పింది. ఆయన అబద్ధం ఆడలేదు మనవడా, నిజంగా తెలుస్తోందనే అనుకున్నాడు. వేరే పనివాడైతే రెండోసారికే తడబడి దొరికిపోయేవాడు. ఈయన పనితనమే ఈయన్ను దొరకనివ్వలేదు.

సిస్టరు లేచి స్టూలు పక్కకు పెట్టింది. చప్పుడు లేకుండా నేల మీద కూర్చుంది. బొటనవేలి మీద నన్ను ఆనించింది. నేను వంగాను. ఆయన పలకలేదు. వేళ్ళ మొదళ్ళ దగ్గర, పాదం అంచున, మడమ దగ్గర. అన్నిచోట్లా వంగాను. ఆయన కళ్ళు మూసుకుని ప్రశాంతంగా కూర్చున్నాడు.

శేషారత్నం ఉండబట్టలేకపోయింది. "ఏందయ్యా పలకవూ? సిస్టరమ్మ ఇందాకట్నుంచి పొడస్తానే ఉందిగా."

"ఇంకా మొదలెట్టలేదుగా," అన్నాడాయన.

సిస్టరు బ్లేడు తీసుకుని ఆనెకాయను పొర తర్వాత పొరగా చెక్కింది. రెండు పొరల కింద నల్లటి నెత్తురు మరక. దాని కింద కందిగింజంత గుంట. భావనారాయణ గోడమీద క్యాలెండరు చూస్తున్నాడు. శేషారత్నం మాత్రం తన కాలు వెనక్కి లాక్కుంది.

క్లినిక్ డాక్టరుగారు వచ్చి చూశారు. చీము ఎముకదాకా పాకితే వేలు తీసేయాల్సి వస్తుందని, ఎక్స్‌రే ఫోటో తీస్తేగానీ చెప్పలేనని అన్నారు. ముందు ఆరువారాలపాటు ఆ వేలిమీద బరువు పడకూడదని, మెత్తటి రబ్బరు చెప్పులు లేకుండా ఇంట్లో కూడా అడుగు తీసి అడుగు వేయకూడదని గట్టిగా చెప్పారు. బొటనవేలు పోతే గుంటలో పలకలు తొక్కలేడు. తొక్కలేకపోతే ఆయన నేతగాడు కాదు. ఈ సంగతి ఆయనకు ఎవరూ విప్పి చెప్పనవసరం లేకపోయింది. "నా కాలు నాకు తెలవదా?" అని ఒకే ఒక్కమాట అన్నాడు. అదీ ఎవరినీ ఉద్దేశించి కాదు.

వాళ్ళు వెళ్ళాక సిస్టరు కార్డు తీసి, పాత రెండు వరుసల్నీ చాలాసేపు చూసింది.

రెండువారాలైనా పుండు తగ్గలేదు. సిస్టరు నన్నూ ఒక రబ్బరు షీటునూ సంచిలో వేసుకుని వేటపాలెం వెళ్ళింది. చూస్తే ఆయన గుంటలో కూర్చుని ఉత్తకాళ్ళతో తొక్కుతున్నాడు. కొత్త చెప్పులు గుమ్మం బయట బుద్ధిగా ఉన్నాయి. సిస్టరు కోప్పడలేదు, ఎందుకిలా అని మాత్రం అడిగింది.

"చెప్పులు తొడుక్కొని గుంటలోకి దిగమంటావా తల్లీ? మగ్గం మాకు అమ్మవారు. అమ్మ మీద చెప్పుకాలు పెట్టి తొక్కనా?"

"రోజంతా అమ్మని కాళ్ళతో తొక్కేదానికి లేని పట్టింపు, చెప్పు దగ్గరకొచ్చిందా," అంది శేషారత్నం అవతలనుంచి.

సిస్టరు వాదించలేదు. తలవంచి గుంటలోకి చూసింది. రెండు చెక్క పలకలు, అరిగి అరిగి ఆయన పాదం అచ్చు పడినవి. ఆమె సంచిలోంచి రబ్బరు షీటు తీసి, కాలికి చెప్పు వద్దంటే సరే, పలకకే మెత్త వేద్దామంది. బొటనవేలు పడేచోట రబ్బరు కోసి పల్లం ఉంచుదామంది. అయితే పుండు మానాకే, అంతదాకా గుంట వైపు చూడకూడదంది.

భావనారాయణ షీటును వేళ్ళతో నలిపాడు. "ఇది చెప్పుల రబ్బరేగా?"

"ఇంకా చెప్పు కాలేదుగా బాబాయిగారూ. కొయ్యకముందు ఉత్త రబ్బరే."

ఆయన చాలాసేపు ఆలోచించాడు. ఏ పెద్దమనిషి తీర్పు చెప్పేముందైనా అంతసేపు ఆలోచించడం నేను చూడలేదు. చివరికి ఒప్పుకున్నాడు.

ఆరోజునుంచి శేషారత్నం గుంటలోకి దిగింది. ఆయన కాళ్ళు చాపి, దిండు మీద పెట్టుకుని, నాడెలో పెట్టే దారపు కండెలు చుట్టే పనికి కూర్చున్నాడు. ముప్పై ఏళ్ళపాటు ఆమె చుట్టిన కండెలకు వంకలు పెట్టిన మనిషి. ఇప్పుడు ప్రతి వారం క్లినిక్‌కు వచ్చి ఆమె ఫిర్యాదు చెప్పేది, వదులుగా చుడతాడని, దారం మధ్యలో తెగుతుందని, చెబితే మూతి ముడుచుకుంటాడని. చెబుతుంటే ఆమె ముఖం పెళ్ళికూతురి ముఖంలా వెలిగేది. ఆయన మాత్రం కట్టు విప్పుతున్న సిస్టరు చేతుల్ని చూస్తూ కూర్చునేవాడు. ఇప్పుడు ఆ కాలిని కళ్ళతో చూడటం నేర్చుకున్నాడు.

నాలుగోవారం ఫోటోలో ఎముక పక్కన ఒక నీడ కనిపించింది. అది చీము అవునో కాదో తేలాలంటే ఇంకో రెండువారాలు ఆగాలన్నారు డాక్టరుగారు. ఆ వారమే సిస్టర్ హెప్సిబాకు మార్కాపురంలో సర్కారు ఉద్యోగం వచ్చింది. చివరిరోజు తన తర్వాత వచ్చే అమ్మాయికోసం నీచేతనే నోటుపుస్తకంలో రాయించింది: స్టూలు మీద కూర్చోవద్దు, లయ పట్టవద్దు, అప్పుడప్పుడు తాకించకుండా కూడా అడగాలి. కింద ఇంకో వాక్యం మొదలుపెట్టి కొట్టేసింది. ఏం కొట్టేసిందో నీకు తెలుసు. భావనారాయణ వేలు పోతే ఆ తప్పు తనదేనని రాయబోయింది.

వెళ్ళాక ఒక్కసారి కూడా ఫోన్ చేయలేదు. మర్చిపోయిందని కాదు. ఏం వినాల్సి వస్తుందోనని.

కొత్త సిస్టరు మంచిపిల్లే, కానీ ఆమెకు ఈ కథ తెలియదు. నేను ఇప్పుడు పనిలోలేను. ఎనిమిది గ్రాములకే వంగిపోతున్నానని నన్ను పక్కన పెట్టారు. న్యాయమే. కొత్తపోగు వచ్చింది. నేను ఈ గ్లాసులో నీ పక్కన నిలబడి, వచ్చేపోయేవాళ్ళ పాదాలు చూస్తూ హాయిగా ఉన్నాను. గురువారం కొత్త సిస్టరు క్యాంపుకని మార్కాపురం వెళ్తోంది. నువ్వు ఆమె జేబులో వెళ్తావు. హెప్సిబా అక్కడ కనిపిస్తుంది, కనిపించకపోతే వెతుకు. ఈ కాగితం ఆమెకు చదివి వినిపించాలి.

కానీ మొదటినుంచి చదవకు. అంతసేపు ఆ పిల్ల ఊపిరి బిగబట్టుకుని కూర్చోలేదు. ముందు ఈ నాలుగు ముక్కలు చదువు. ఆ నీడ ఉత్త వాపేనని తేలింది. ఎనిమిదోవారానికి చర్మం మూసుకుంది. స్పర్శ రాలేదు, ఇక రాదు, రోజూ సాయంత్రం శేషారత్నం అద్దం పట్టుకుని ఆ పాదాన్ని తిప్పి చూస్తుంది. భావనారాయణ గుంటలో ఉన్నాడు, పది వేళ్ళతో ఉన్నాడు.

అది విన్నాక ఆమె ఏడిస్తే ఏడవనివ్వు. కళ్ళు తుడుచుకున్నాక, నేను ఒక నైలాన్ పోగును అన్న దగ్గరనుంచి నిదానంగా మొదలుపెట్టు.